మా వీధి వాలు 6 డిగ్రీలే: అలసిన కంటిని సరిచూసుకుని కొండ ఎక్కడం ఎలా

మా ఇల్లు విశాఖ పెదవాల్తేరులో, సముద్రం వైపు దిగే ఒక వీధికి పైకొసన ఉంది. 29 ఏళ్ళు వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. ఆ వీధి వాలు ఎంతో నాకు డిగ్రీలతో సహా తెలుసు. ఒకప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకొచ్చి, కోణమానిని, దారం, గులకరాయి ఇచ్చి వాళ్ళచేత కొలిపించాను. 6 డిగ్రీలు వచ్చింది.

రెండేళ్ళ క్రితం టైఫాయిడ్‌తో 16 రోజులు మంచాన పడి లేచాను. మొదటిసారి పాల ప్యాకెట్ కోసం కిందికి దిగి, వెనక్కి తిరిగి పైకి చూస్తే ఆ వీధి గోడకు చేరవేసిన నిచ్చెనలా కనిపించింది. నేను మంచం మీద ఉన్న రోజుల్లో రోడ్డు తవ్వి మళ్ళీ పోశారేమో అనిపించింది. పాల దుకాణం అబ్బాయిని అడిగాను కూడా: "బాబూ, మన రోడ్డు ఎత్తు చేశారా?"

"లేదండీ టీచర్‌గారూ, ఎప్పుడూ ఉన్నదేనండీ" అన్నాడు.

ఇల్లు చేరేలోగా రెండుచోట్ల ఆగాను. సాయంత్రం అలమరలోంచి పాత కోణమానిని వెతికి తీసి, మనవడిని తోడు తీసుకుని మళ్ళీ కొలిచాను. అదే 6 డిగ్రీలు.

అప్పటినుంచి ఈ విషయం నన్ను వదలలేదు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకు మా వీధి నుంచి పది పన్నెండుమందిమి కలిసి వెళ్తాం. నెల రోజుల ముందునుంచీ వాళ్ళను సిద్ధం చేసే పని నాది. ఇదివరకు మొదటి రోజునుంచే నడిపించేదాన్ని. ఇప్పుడు మొదటి వారం కొలతలతోనే సరిపోతుంది. కొండ కింద నిలబడి తలెత్తి చూసి "ఇది నా వల్ల కాదు" అని వెనుదిరిగినవాళ్ళు నాకు తెలుసు. పొద్దున్నే కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడు చూసి "ఇదెంతలే" అని గబగబా ఎక్కి, సగం దారిలో కళ్ళు తిరిగి కూలబడినవాళ్ళూ తెలుసు. ఇద్దరూ కన్ను చెప్పిన మాట మీదే నిర్ణయం తీసుకున్నారు. కన్ను కొండను చూసేటప్పుడు పక్కనే మన ఒంటిని కూడా లెక్కలోకి తీసుకుంటుందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

కంటి లెక్క ఎంత తప్పుతుంది

అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో డెన్నిస్ ప్రాఫిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1995లో ఒక పరిశోధన ప్రచురించారు. విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ఉన్న గుట్టల ముందు మనుషులను నిలబెట్టి, వాలు ఎన్ని డిగ్రీలో చెప్పమన్నారు. 5 డిగ్రీల వాలును చూసి జనం సుమారు 20 అన్నారు. 10 డిగ్రీల వాలును 30 దాకా తీసుకెళ్ళారు. ఇదంతా అలసట లేని మనుషుల మాట.

ఆ తేడా ఎంతటిదో అర్థం కావాలంటే మీ ఇంటి మెట్లు చూడండి. ఒక్కో మెట్టు 15 సెంటీమీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే ఆ మెట్లవరుస వాలు సుమారు 27 డిగ్రీలు. మనం "30 డిగ్రీలు ఉంటుంది" అనే రోడ్డు నిజంగా అంతే ఉంటే అది మన మెట్లకన్నా నిటారుగా ఉండాలి. అలాంటి రోడ్డు మీదికి ఆటో రాదు. విశాఖలో మనం రోజూ "అమ్మో, ఎంత డౌనో" అనుకునే రోడ్లను మా పిల్లలతో కొలిపించినప్పుడు 10 డిగ్రీలు దాటినవి చాలా తక్కువ.

అలసట చేరితే అంచనా ఇంకా పెరుగుతుంది. ప్రాఫిట్ బృందం కొందరిని బాగా అలిసేదాకా పరుగెత్తించి గుట్ట చూపిస్తే, వాళ్ళకది మరింత నిటారుగా తోచింది. 1999లో ముకుల్ భల్లా, ప్రాఫిట్ కలిసి ఈ పనిని ముందుకు తీసుకెళ్ళారు. వీపున బరువైన సంచి మోస్తున్నవాళ్ళు, కసరత్తు అలవాటు లేనివాళ్ళు, వయసు మీదపడి ఆరోగ్యం తగ్గినవాళ్ళు అదే వాలును ఎక్కువ చేసి చెప్పారు. ఆ సంచి బరువు మోసే మనిషి బరువులో ఆరో వంతుకూ అయిదో వంతుకూ మధ్య ఉండేది. అంటే 60 కిలోల మనిషికి 10 కిలోల బియ్యం బస్తా అనుకోండి.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది మాత్రం చెయ్యి. అరచేతి కింద ఒక పలక పెట్టి, చేతివైపు చూడకుండా, ఎదుటి వాలుకు సమానంగా దాన్ని వంచమంటే జనం అసలు కోణానికి చాలా దగ్గరగా వంచారు. నోరు 20 అన్నచోట చెయ్యి 5 దగ్గరే ఆగింది. అలసటకు కూడా చెయ్యి చలించలేదు. ప్రాఫిట్ చెప్పిన కారణం ఇది: ఈ దారి ఎక్కాలా వద్దా, ఎంత వేగంగా ఎక్కాలి అన్న ఆలోచనకు పనికొచ్చే చూపు వేరు, ఈ క్షణంలో పాదం ఎక్కడ ఎలా మోపాలో చెప్పే చూపు వేరు. మొదటిది దారిని ఒంట్లో ఉన్న సత్తువతో బేరీజు వేసి చూపిస్తుంది. సత్తువ తగ్గితే దారి ఖరీదు పెరుగుతుంది. రెండోది అలా మారితే ప్రతి అడుగుకూ తూలిపడతాం.

ఈ వివరణను అందరూ ఒప్పుకోలేదని కూడా మా బృందానికి చెబుతాను. ఫ్రాంక్ డర్గిన్ అనే శాస్త్రవేత్త బృందం 2009లో సంచి ప్రయోగాన్ని మరోలా చేసింది. సంచిలో ఉన్నది కండరాల పనిని నమోదు చేసే పరికరమని కొందరికి చెప్పారు. వాళ్ళకు వాలు పెరగలేదు. సంచి ఎందుకిచ్చారో ఊహించి, పరిశోధకులు కోరే జవాబు పసిగట్టినవాళ్ళే ఎక్కువ చెప్పారు. చెయ్యి సరిగ్గా చెప్పడానికి కూడా వేరే కారణాలు చూపినవాళ్ళున్నారు. ఇది చదివిన రోజు నాకు మనసు చివుక్కుమంది. నా టైఫాయిడ్ రోజు సంగతేమిటి? రెండు రోజులు ఆలోచించాక ఒక మాటకొచ్చాను. రోడ్డు నిజంగా నిటారుగా కనిపించిందో, ఎక్కలేనన్న బెంగే నాచేత ఆ మాట అనిపించిందో నా ఒక్క అనుభవంతో తేల్చలేను. ఏదైనా సరే, నా అంచనా తప్పన్నది కోణమానిని తేల్చింది. దారి మీద నిర్ణయం తీసుకోవడానికి అది చాలు. అంతకన్నా ముఖ్యంగా, మనకు మనం జవాబు అందించుకోకుండా ఎలా కొలవాలో డర్గిన్ ప్రయోగమే నాకు నేర్పింది. ఆ జాగ్రత్త కింద వివరంగా రాస్తాను.

కొలిచే పనిముట్లు

పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానిని, మీటరు పొడవున్న తిన్నని కర్ర, రెండు ఇటుకలు, దారం, చిన్న రాయి ఉంటే చాలు. ఇటుకలను వాలు మీద మీటరు దూరంలో నిలువుగా పెట్టి, వాటి మీద కర్రను ఆనించండి. కర్ర ఇప్పుడు రోడ్డుకు సమాంతరంగా ఉంటుంది. కోణమానిని తిన్నని అంచును కర్రకు ఆనించి, గుండ్రటి భాగం కిందికి వచ్చేలా పట్టుకోండి. మధ్య బిందువు నుంచి రాయి కట్టిన దారం వేలాడదీయండి. దారం 90 గీత నుంచి ఎన్ని డిగ్రీలు పక్కకు జరిగితే మీ వాలు అంత. గాలి వీస్తుంటే దారం ఆగదు. సముద్రపు గాలి లేవకముందే, పొద్దున 7 గంటలలోపు కొలవడం మేలు.

ఇది తలనొప్పి అనుకుంటే మేస్త్రీ పద్ధతి ఉంది. మీటరు కర్ర ఒక కొసను రోడ్డు మీద పైవైపున ఆనించండి. కర్ర మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యకు వచ్చేదాకా రెండో కొసను పైకెత్తండి. ఆ కొస నుంచి రోడ్డుకు ఎన్ని సెంటీమీటర్లో టేపుతో చూడండి. 9 సెంటీమీటర్లకు కాస్త తక్కువైతే 5 డిగ్రీలు, పదిన్నర అయితే 6, పదిహేడున్నర అయితే 10, సుమారు 27 అయితే 15 డిగ్రీలు. రసమట్టం లేకపోతే ఫోనులోని లెవెల్ యాప్ పనిచేస్తుంది. ఫోనును నేరుగా రోడ్డు మీద పెట్టకండి, ఒక్క గులక దాని లెక్కను తప్పిస్తుంది. కర్ర మీద పెట్టి ఒకసారి, ఫోనును అటుదిటు తిప్పి మరోసారి చూసి, రెండు అంకెల సగటు తీసుకోండి.

మూడో పద్ధతి మన ఊరివాళ్ళకు దొరికిన వరం. సముద్రం వైపు దిగే వీధుల్లో పైనుంచి చూస్తే సముద్రం వీధి చివర నిలబెట్టిన నీలం గోడలా, ఇళ్ళ కప్పులకన్నా ఎత్తుగా కనిపిస్తుంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని "సముద్రం మన మీదికి ఎందుకు పడదు?" అని అడిగేదాన్ని. సంగతేమిటంటే, సముద్రం ఆకాశాన్ని తాకే గీత ఎప్పుడూ మన కంటి ఎత్తులోనే ఉంటుంది. మన వీధుల ఎత్తుకు వచ్చే తేడా డిగ్రీలో చిన్న ముక్క, దాన్ని వదిలేయవచ్చు. కాలి కింద నేల దిగిపోతున్నా గీత కంటి ఎదుటే నిలిచి ఉంటుంది కాబట్టి నీళ్ళు పైకి లేచినట్టు తోస్తుంది. అంటే విశాఖలో సముద్రం కనిపించే ప్రతి వీధికీ ఎవరూ కదిలించలేని రసమట్టం ఒకటి ఉన్నట్టే.

దాన్ని వాడే తీరు ఇది. వీధి పైభాగాన నిలబడి, కిందనున్న ఒక కరెంటు స్తంభాన్ని చూడండి. సముద్రపు గీత ఆ స్తంభాన్ని ఎక్కడ కోస్తుందో గమనించండి. స్తంభం దగ్గర ఒకరిని నిలబెట్టి, పొడవాటి కర్ర ఎత్తించి, ఆ చోటు నేల నుంచి ఎంత ఎత్తో కొలిపించండి. మా వీధిలో అది సరిగ్గా 3 మీటర్ల 10 సెంటీమీటర్లు. నా కళ్ళు నేల నుంచి 1 మీటరు 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. తీసివేస్తే 1 మీటరు 60. నాకూ స్తంభానికీ మధ్య దూరం టేపుతో 15 మీటర్లు. పదిహేను మీటర్లకు ఒకటీ అరవై దిగిందంటే 6 డిగ్రీలు. కోణమానిని చెప్పిందీ అదే. ఈ లెక్క మొదటిసారి కుదిరిన రోజు నా మనవడు వీధిలో గంతులేశాడు.

నోటుపుస్తకం ఎలా రాయాలి

ఒక్కో వాలు దగ్గర ముందు నోటితో ఎన్ని డిగ్రీలో చెప్పాలి. తర్వాత ఎదుటి వాలు మీదే చూపు నిలిపి, నడుము పక్కన అరచేతిని దానికి సమానంగా వంచాలి. తోడున్నవాళ్ళు ఫోనును ఆ చేతి వెనుక ఆనించి అంకె రాసుకోవాలి. చివరన పనిముట్టుతో కొలవాలి. ఈ వరుస తప్పకూడదు. కొలత ముందు తెలిస్తే నోరూ చెయ్యీ రెండూ దానికే లొంగుతాయి.

డర్గిన్ నుంచి నేర్చుకున్న జాగ్రత్త ఇక్కడే పనికొస్తుంది. మీ వీధి 6 డిగ్రీలని ఒకసారి తెలిశాక జన్మలో దాని గురించి నిజమైన అంచనా చెప్పలేరు. కాబట్టి ప్రతిసారీ కొత్త వాలు కావాలి. మా బృందంలో ఒకరు ముందురోజు వెళ్ళి నాలుగు కొత్త వీధులు కొలిచి, అంకెలు తమ దగ్గరే దాచుకుంటారు. మర్నాడు మిగతావాళ్ళు అందులో రెండు వాలులను తాజాగా ఉన్నప్పుడు, మరో రెంటిని గంట నడిచాక చూస్తారు. ఎవరు ఏమన్నారో అందరూ చెప్పేదాకా పైకి చదవం. "ఇప్పుడు అలిసిపోయాం కదా, ఎక్కువ కనిపించాలి" అన్న మాట నడకలో ఎవరూ అనకూడదన్నది నియమం. ఆ మాట చెవిన పడితే చాలు, అంకె పెరుగుతుంది.

ఎంవీపీ కాలనీ రైతు బజారు నుంచి వచ్చేటప్పుడు రెండు చేతులా కూరల సంచులతో ఒకసారి చూడండి. ఉపవాసం ఉన్న ఏకాదశినాడు ఒకసారి, రాత్రి నిద్ర చాలని మర్నాడు ఒకసారి చూడండి. అంకె పక్కన ఆ రోజు ఒంటి పరిస్థితి ఒక్క వాక్యంలో రాయండి. నా పుస్తకంలో "మోకాలు పట్టేసింది, 9 డిగ్రీలకు 35 అన్నాను, చెయ్యి 11" అని ఒక పేజీ ఉంది. ఇరవై పేజీలు నిండేసరికి మీ కన్ను ఏ రోజు ఎంత ఎక్కువ చెబుతుందో మీకే తెలుస్తుంది. వేరొకరి సగటు మీకు అక్కరకు రాదు.

మా పక్కింటి వదినగారికి 67 ఏళ్ళు. ఏ వాలు చూపించినా మొదట్లో 40 అనేవారు. చెయ్యి మాత్రం ఎప్పుడూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండేది. "అయితే నా చెయ్యి అబద్ధం ఆడదంటారా టీచర్‌గారూ?" అని అరచేతిని కళ్ళ ముందు పెట్టుకుని చాలాసేపు చూసుకున్నారు. ఆ తర్వాత ఆమె ఏ గుట్ట ముందైనా ఆగి, చూపు ఎదుట నిలిపి, ముందు చెయ్యి వంచుతారు.

దూరం సంగతి

దూరానికి మీ అడుగే కొలబద్ద. 100 మీటర్లు టేపుతో గుర్తుపెట్టి, మామూలు నడకతో మూడుసార్లు నడిచి అడుగులు లెక్కించి సగటు తీయండి. నాకు 156 వస్తాయి, అంటే అడుగు 64 సెంటీమీటర్లు. గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు కాబట్టి నాకు అది 50,000 అడుగులు. ఎక్కుడులో అడుగు కుదించుకుపోతుంది. ఎక్కే రోడ్డు మీద విడిగా మరోసారి లెక్కించి రాసుకోండి.

కంటికి అలవాటు కావడానికి బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి మంచి పాఠం. దాని పక్కన నిలబెట్టి పొడవు చెప్పమంటే మా వాళ్ళు 50 మీటర్ల నుంచి 150 దాకా చెప్పారు. అసలు పొడవు 91 మీటర్లు. అది మనసులో నిలిచాక "ఇక్కడి నుంచి ఆ మలుపు దాకా ఎన్ని కురుసురలు?" అని అడిగితే జవాబులు బాగా దగ్గరపడ్డాయి. సంచి బరువుతో దూరం కూడా పెరిగినట్టు కనిపిస్తుందని 2003లో ప్రాఫిట్ బృందం రాసింది. మరో బృందం తర్వాత చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. అందుకని దూరం విషయంలో నేను సిద్ధాంతాలకన్నా అడుగుల లెక్కనే నమ్ముతాను.

మెట్ల దగ్గర

సింహాచలం కొండకు మెట్లదారిన వెళ్ళాలంటే సుమారు వెయ్యి మెట్లు ఎక్కాలి. మెట్టు ఎత్తు విషయంలో కన్ను నమ్మదగినదే, అదీ చిత్రమైన రీతిలో. విలియం వారెన్ అనే పరిశోధకుడు 1984లో పొడుగువాళ్ళకూ పొట్టివాళ్ళకూ రకరకాల ఎత్తుల మెట్లు చూపించి, చేతుల సాయం లేకుండా ఎక్కగలరో లేదో చెప్పమన్నాడు. ఎవరి కాలు ఎంత పొడవో దాంట్లో 0.88 వంతు ఎత్తు దగ్గర అందరూ "ఇక ఎక్కలేం" అన్నారు. ఒంటి సత్తువ అతి తక్కువ ఖర్చయ్యే మెట్టు ఎత్తు కాలి పొడవులో సుమారు నాలుగో వంతు. మనుషులు తమకు హాయిగా ఉంటుందని కంటితో ఎంచుకున్న మెట్టు కూడా అదే. అంటే కన్ను మెట్టును తన కాలితో కొలిచి చూస్తుంది.

మీ తుంటి నుంచి మడమ దాకా కొలవండి. 80 సెంటీమీటర్లు ఉంటే మీకు తగిన మెట్టు 20 దగ్గర. పిల్లల కాలు 56 ఉంటే వాళ్ళకు 14 చాలు. ఎనిమిదేళ్ళ పిల్లను చెయ్యి పట్టుకుని మన వేగంతో లాక్కెళ్తూ "ఇంతోటి మెట్లకే ఆయాసమా" అని కసరడం అన్యాయం. ఆ పిల్ల ఎక్కే కొండ మన కొండకన్నా ఎత్తు. ఎత్తు మెట్టు వచ్చినచోట పక్కకు తిరిగి, కాస్త వాలుగా ఎక్కండి. రెండు కాళ్ళూ ఒకే మెట్టు మీదికి తెచ్చుకుని మరీ తర్వాతి మెట్టు ఎక్కండి.

ప్రదక్షిణ రోజు

కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాక అడవివరం, ముడసర్లోవ మీదుగా హనుమంతవాక చేరతాం. అక్కడి నుంచి జోడుగుళ్ళపాలెం దగ్గర సముద్రం, అప్పుఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం, మళ్ళీ సింహాచలం. ఆషాఢమాసపు ఉక్కలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. కొలతల అవసరం అసలు తెలిసేది అప్పుడే.

మా నియమం ఒకటే, దాన్ని గట్టిగా పాటిస్తాం: వాలు కింద నిలబడి, ఆయాసంలో ఉండగా, ఆగిపోవాలా వద్దా అన్నది నిర్ణయించకూడదు. ముందు నీడన కూర్చోవాలి. ఉప్పు వేసిన మజ్జిగో నిమ్మనీళ్ళో తాగి, ఏదైనా తిని, పది నిమిషాలు ఆగాలి. తీపి పానీయం తాగినవాళ్ళకు కొండ తక్కువ నిటారుగా కనిపించిందని 2010లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. దాని మీదా వాదం నడిచింది, కానీ మజ్జిగ తాగడానికి ఆ వాదం తేలేదాకా ఆగనక్కర్లేదు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు ఏం తాగాలో, ఎప్పుడు తినాలో ముందే తమ డాక్టరును అడిగి రావాలి. ఊపిరి కుదుటపడ్డాక చెయ్యి వంచి చూడాలి, పుస్తకంలో అంకె చూడాలి, కాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకోవాలి. అప్పుడు నిర్ణయించాలి.

నిరుడు హనుమంతవాక దగ్గర మా వదినగారు కూర్చుండిపోయారు. "ఇంకా ఎంత ఎత్తుందో చూడండి, నేను ఇంటికి పోతాను" అన్నారు. ముందున్నది ఎక్కువ భాగం దిగుడే. ఆమెకు మాత్రం ఎత్తుగానే తోచింది. మజ్జిగ ఇచ్చాం. పావుగంట తర్వాత లేచి, చెయ్యి చాచి, వంచి, అరచేతిని కిందివైపు దించారు. "దిగుడే కదమ్మా ఇది" అని నడక మొదలుపెట్టారు. ఆమె 32 కిలోమీటర్లూ పూర్తిచేయలేదు. అప్పుఘర్ దగ్గర ఎడమ పాదం బొబ్బ చూపించి, "ఇక చాలు" అని ఆటో ఎక్కారు. ఆ నిర్ణయం పాదాన్ని చూసి తీసుకున్నది. నాకు సంతోషం వేసింది.

నడిచేటప్పుడు చూపు ఎక్కడ పెట్టాలన్నదానికి కూడా ఆధారం ఉంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎమిలీ బాల్సెటిస్, సహచరులు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, కాళ్ళకు బరువులు కట్టుకుని కూడా గమ్యం మీదే చూపు నిలిపినవాళ్ళకు అది దగ్గరగా కనిపించింది, వాళ్ళు వేగంగా నడిచారు. చుట్టూ చూస్తూ నడిచినవాళ్ళకు అలా కాలేదు. నేను దీన్ని స్తంభం లెక్కన వాడతాను. కొండ కొస చూడవద్దు, ముందున్న కరెంటు స్తంభం చూడండి. అది చేరాక తర్వాతిది. మెట్ల మీద మాత్రం ఈ పద్ధతి వద్దు. అక్కడ చూపు కాళ్ళ ముందే ఉండాలి.

తోడు లేకుండా వెళ్ళకండి. పక్కన స్నేహితులున్నప్పుడు గుట్ట తక్కువ నిటారుగా తోచిందని 2008లో సిమోన్ ష్నాల్ బృందం చూపింది. నేను చెప్పేది అంతకన్నా మామూలు కారణం: మీ ముఖం పాలిపోతే మీకు కనిపించదు, పక్కవాళ్ళకు కనిపిస్తుంది.

దిగేటప్పుడు మరో సంగతి గుర్తుంచుకోండి. ఎత్తు కింది నుంచి చూసినదానికన్నా పైనుంచి చూస్తే ఎక్కువగా కనిపిస్తుంది, భయం ఉన్నవాళ్ళకు మరీ. కైలాసగిరి అంచున నిలబడి కాళ్ళు వణికినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. దిగుడు వాలు దగ్గర భయమేస్తే వెనక్కి వాలి, గట్టిగా మడమలు తొక్కుతూ దిగుతాం. మోకాళ్ళు అప్పుడే పాడవుతాయి. ముందు చెయ్యి వంచి అసలు వాలు తెలుసుకుని, మోకాళ్ళు కాస్త మడిచి, చిన్న అడుగులతో, రోడ్డుకు అడ్డంగా కొంచెం అటూ ఇటూ తిరుగుతూ దిగండి.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి

వాలు నిటారుగా కనిపించడం రోగానికి గుర్తు కాదు. కానీ పుస్తకం రాసేవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. నిద్ర, తిండి, బరువు ఏవీ మారకుండా వారం పది రోజులపాటు ఎప్పుడూ ఎక్కే దారే భారంగా అనిపిస్తూ, పోయిన నెల ఒక్క ఊపిరిన ఎక్కినచోట ఇప్పుడు రెండుసార్లు ఆగాల్సివస్తే పుస్తకంలో అది తేదీతో సహా కనిపిస్తుంది. మా బృందంలోనే ఒకావిడ ఆ పేజీలు పట్టుకెళ్ళి చూపిస్తే రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉందని తేలింది. మూడు నెలలు మందులు వాడి మళ్ళీ మాతో నడిచారు. ఛాతీలో బిగువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, మాట తడబాటు, చెమట హఠాత్తుగా ఆగిపోయి ఒళ్ళు కాలిపోవడం: వీటిలో ఏది వచ్చినా కొలతలూ పుస్తకమూ పక్కనపెట్టి వెంటనే 108కి ఫోను చేయండి.

ఇక పనిముట్ల సంచి. ప్రదక్షిణ రోజున ఇటుకలు, కర్ర అక్కర్లేదు. అరచెయ్యి, ఫోను, పుస్తకం చాలు. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టండి, ఆషాఢంలో వాన చెప్పిరాదు. పెన్ను రాతలు తడికి కారిపోతాయి, పెన్సిల్‌తో రాయండి. కోణమానినికి నూలు దారం బదులు చేపల వలకు వాడే సన్నని నైలాన్ దారం కట్టండి. చెమట చేతులకు అంటుకోదు, రాయి తొందరగా నిలబడుతుంది.